ఏసోబు బాబాయి చేతి కొలత

గుంటూరు బైపాస్ పక్కన నేను కారు కడిగించుకునే చోట ముందు నురగ కొడతారు. దిగమంటారు వాళ్ళు. నేను దిగను, అద్దాలన్నీ ఎక్కించుకుని లోపలే కూర్చుంటాను. గొట్టంలోంచి బుస్సుమంటూ నురగ వచ్చి ముందు అద్దం మీద పడుతుంది. నిమిషంలో రోడ్డు, లారీలు, ఎదురుగా ఉన్న టీ కొట్టు అన్నీ మాయమైపోయి, కారులో తెల్లటి మసక వెలుతురు మిగులుతుంది. ఎంత బిగించినా ఎక్కడో సందులోంచి ఆ వాసన లోపలికి వస్తుంది. డబ్బా మీద నిమ్మకాయ బొమ్మ వేస్తారు గానీ, ఆ నిమ్మ వాసన కింద ముక్కుని చురుక్కుమనిపించే సోడా ఘాటు ఒకటుంటుంది.  "అయిదు నిమిషాలు నాననివ్వాలి సార్" అని బయటినుంచి పనివాడు అరుస్తాడు. ఆ అయిదు నిమిషాలూ నాకు ఏసోబు బాబాయి గుర్తొస్తూనే ఉంటాడు. ఏడేళ్ళుగా ఇదే వరస.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. ఏసోబు బాబాయికీ మాకూ నెత్తురు చుట్టరికం లేదు. ఒకే వీధి, ఒకే ఏసు గుడి, మధ్యలో ఒకే గోడ, అందుకని బాబాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పక్కన నిలబడిన వాడితో కూడా పొలం అవతల ఉన్నవాడితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. సొంతంగా సెంటు భూమి లేదు, రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసేవాడు. చదువు కూడా సంతకం వరకే. అయినా మిరప పూతకొచ్చే రోజుల్లో తెల్లారేసరికి ఆయన గుమ్మం ముందు రైతులు మందు సీసాలు పట్టుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళు తెచ్చిన ఆకుని తిరగేసి, అడుగున పురుగుని చూసి, సీసా వంచి పోసేవాడు. కొలత గ్లాసు ముట్టుకునేవాడు కాదు. ఒకసారి సాంబయ్య అనే మోతుబరి రైతు అనుమానం కొద్దీ ఆయన పోసిన మందుని గ్లాసులో పోసి చూస్తే సరిగ్గా గీత దగ్గర ఆగింది. "ఏసోబు చెయ్యి తప్పదు" అని ఊళ్ళో నలుగురూ అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన "ఊరుకోండెహె" అని కసిరేవాడు గానీ, ఆ రోజంతా నడకలో తేడా తెలిసిపోయేది. ఆయనకి ఊళ్ళో ఉన్న మర్యాదంతా ఆ చేతి వల్ల వచ్చిందే.

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆరేళ్ళు ఎవరెవరి కార్లో నడిపి, చివరికి సొంతానికి ఒక పాత కారు కొన్నాను. అదీ నల్లది. నల్లరేగడి దుమ్ములో, కల్లాల్లో మిరపకాయలు ఎండబెట్టే ఊళ్ళో నల్ల కారు కొనేవాణ్ణి ఏమనాలో మీరే అనుకోండి. రోజూ పొద్దున్నే పొడిగుడ్డ తీసుకుని భక్తిగా తుడిచేవాణ్ణి. ఒకరోజు బాబాయి గోడ మీదనుంచి చూసి, చుట్టూ తిరిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఏరా, తుడుస్తున్నావా, గీరుతున్నావా?"

ఎండలో కారుని ఓరగా చూపించాడు. తలుపు నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. నా చేత్తో నేనే గీసుకున్నవి. "దుమ్ము మీద చెయ్యి పెట్టకూడదురా. ముందు నానబెట్టు. అదే వదులై జారిపోద్ది. అప్పుడు ముట్టుకో" అన్నాడు. కారు గురించి ఆయనకేమీ తెలియదు. దుమ్ము గురించి తెలుసు.

ఆ తర్వాత ఫోన్‌లో వెతికితే సరిగ్గా ఆయన చెప్పిన పనికే ఒక సరుకు ఉందని తెలిసింది. కారుని ముట్టుకునే ముందు దాని మీద నురగ కొట్టి వదిలేస్తే మట్టినంతా వదులు చేసి కిందికి దింపుతుందట. ఒక డబ్బా తెప్పించాను. తీరా చూస్తే అది కొట్టడానికి మెషిన్ కావాలి, అది నా దగ్గర లేదు. "మందు కొట్టే ట్యాంకుందిగా, దాంతో కొట్టు" అన్నాడు బాబాయి. వీపుకి తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్‌ని మా ఊళ్ళో ట్యాంకు అంటారు.

నేను చెయ్యి చాపితే వెంటనే ఇవ్వలేదు. పంపు దగ్గర గొంతుక్కూర్చుని నీళ్ళు పోసి, మూతపెట్టి, చంటిపిల్లని ఊపినట్టు ఊపి పారబోశాడు. మళ్ళీ పోసి ఈసారి ఆ నీళ్ళు గొట్టంలోంచీ, నాజిల్‌లోంచీ బయటికొచ్చేదాకా కొట్టాడు. మూడోసారి కూడా అలాగే చేసి, చివర్న ట్యాంకులో ముక్కు పెట్టి వాసన చూశాడు.

"కారుకేమౌద్ది బాబాయ్, అదేమన్నా మొక్కా?" అన్నాను.

"రంగు పోతే? లోపల ఏం కొట్టానో నాకు తెలుసు. నీకు తెలీదుగా. ఇంకోడికి ఇచ్చేప్పుడు కడిగియ్యాలిరా, అంతే."

ఆదివారం గుడి నుంచి రాగానే మా వీధిలో అదొక తిరునాళ్ళ అయింది. నేను ట్యాంకు తగిలించుకుని కారు చుట్టూ తిరుగుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని అజమాయిషీ చేసేవాడు. కింద నుంచి పైకి కొట్టమనేవాడు, చక్రాల వెనకాల కొట్టమనేవాడు, కొట్టాక ఆగమనేవాడు. నాకు ఆగడం రాదు, చేతులు దురద పెట్టేవి. "మందు కొట్టాక ఆకు దగ్గర నిలబడి చావలేదా అని పురుగునడుగుతామా? దాని పని దాన్ని చేసుకోనీ" అని కేకలేసేవాడు. ఆయన భార్య మరియమ్మ పిన్ని గుమ్మంలోంచి "ఏమయ్యో, కారుక్కూడా పురుగు పట్టిందా?" అని నవ్వేది. ఓపిక అనేది నాకేదైనా ఉంటే అది ఆ అరుగు మీదనుంచి వచ్చిందే. ట్యాంకు తిరిగి ఇచ్చే ముందు నేనూ మూడుసార్లు కడిగేవాణ్ణి. ప్రతిసారీ కడిగాను, ఒక్కసారి తప్ప.

అది కార్తీక సోమవారం. అమరావతిలో అమరేశ్వరుడి దర్శనానికి ఒక కుటుంబం నా కారు మాట్లాడుకుంది. తెల్లవారుజామునే లేచి నురగ కొడదామంటే ట్యాంకులోంచి అది మజ్జిగ నురగలా పలచగా వస్తోంది. విసుగొచ్చి, డబ్బాలో ఉన్నదంతా వంచేశాను. చిక్కగా వచ్చింది, ముచ్చటేసింది. కారు సగం కడిగేసరికి వాళ్ళు ఫోన్ చేశారు, పెద్దావిడ ఉపవాసం, ఎండెక్కకుండా బయల్దేరాలని. ట్యాంకు అడుగున లీటరుకు పైనే మిగిలింది. మూత బిగించి, పైపైన నీళ్ళు చల్లి, తీసుకెళ్ళి ఆయన అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాను.

సాయంత్రం అలిసిపోయి వచ్చి మంచం మీద వాలానో లేదో గోడ అవతలనుంచి ఆయన గొంతు వినిపించింది. "ఒరేయ్, ట్యాంకు కడిగావుగా? పొద్దున్నే మందు కొట్టాలి."

అప్పుడు లేవాల్సింది. నాలుగు అడుగులు వేస్తే గోడ, ఇంకో నాలుగు వేస్తే ఆయన అరుగు. లేవబుద్ధి కాలేదు. సబ్బు నీళ్ళే కదా, సబ్బున్న ట్యాంకుని మళ్ళీ కడగడమేమిటి, కడిగినట్టే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "కడిగే పెట్టాను బాబాయ్" అన్నాను. ఎవరి దగ్గర్నుంచి తెచ్చినా మళ్ళీ తను కడుక్కునే మనిషి, నా మాట మీద ఆ రోజు కడుక్కోలేదు.

మర్నాడు ఆయన చీకటితోనే నీళ్ళు పోసుకున్నాడు, అడుగున మిగిలింది కనపడి ఉండదు. మందు కలిపినప్పుడు నురగ వచ్చే ఉంటుంది. కానీ ఆకుకి అంటుకోవడానికి వేసే జిగురు మందుతో కూడా నురగ వస్తుంది, కాబట్టి అనుమానించలేదు. మొదటి ట్యాంకు రోడ్డు పక్క సాళ్ళకి కొట్టాడు. మూడు రోజులకి ఆ సాళ్ళలో ఆకులు అంచుల దగ్గర మాడిపోయాయి, పూతంతా రాలిపోయింది. లోపలి సాళ్ళు పచ్చగానే ఉన్నాయి. అందరూ వచ్చిపోయే దారి పక్కన మాత్రం మంట పెట్టినట్టుంది. బండి ఆపి చూడని వాడు లేడు. "ఏం ఏసోబూ, ఏం కొట్టావ్? నీ చెయ్యి కూడా తప్పిందే!" అని ఒకడు రోడ్డు మీదనుంచే అరిచాడు. నేను కారులో వెనకే ఉన్నాను. అద్దం ఎక్కించుకున్నాను.

ఆ సాయంత్రం బాబాయి మా ఇంటికొచ్చాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"అబ్బాయ్, నిజం చెప్పు. నేనేమీ అనను. ట్యాంకులో నీ నురగ మందు ఏమన్నా మిగిలిందా?"

అప్పటికి నాకు అంతా తెలుసు. రోడ్డు పక్క సాళ్ళు చూసిన రోజునే అర్థమైంది. మంచం మీద పడుకుని చెప్పిన మాటకి బద్ధకం కారణమనుకోవచ్చు, దీనికి అలాంటి సాకేమీ లేదు. భయం, సిగ్గు. "లేదు బాబాయ్. మూడుసార్లు కడిగాను" అన్నాను. మూడుసార్లు అన్న లెక్క కూడా ఆయన నేర్పిందే.

 నమ్మాడు. "నువ్వు కడిగానంటే కడిగినట్టే. అయితే నా చెయ్యేరా. జిగురు మందు ఎక్కువ పోసుంటాను" అని తన అరచేతిని చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

పంట పూర్తిగా పోలేదు. కొన్ని సాళ్ళే పోయాయి, మిగతావి కాశాయి. పోయింది ఆయన ధైర్యం. వారం తర్వాత సాంబయ్య ఎప్పటిలాగే సీసా పట్టుకుని వచ్చాడు. "నన్నడక్కయ్యా సాంబయ్యా, గ్లాసు తెచ్చుకుని కొలుచుకో" అన్నాడు బాబాయి. సాంబయ్య నవ్వి, ఒక్కసారి తప్పితే ఏమైందిలే పొయ్యవయ్యా అని బతిమాలాడు. పొయ్యలేదు. ఆ తర్వాత తనే ఒక గీతల గ్లాసు కొనుక్కొచ్చుకున్నాడు. ఒక ఉదయం గోడ మీదనుంచి చూశాను. గ్లాసుని సూర్యుడికి ఎత్తి పట్టుకుని, చూపు ఆనక, మందు తిరిగి సీసాలోకి పోసి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. చివరికి పిన్నిని కేకేసి చూడమన్నాడు. ఆమె గీత చూసి చెబితే గానీ ట్యాంకులో పొయ్యలేదు. ఆ ఉదయం నేను గోడ దూకి వెళ్ళి చెప్పేసి ఉంటే ఆయన నన్ను కొట్టేవాడు. కొడితే బాగుండేది.

ఆ ఏడాదే నేను గుంటూరు వచ్చేశాను. బేరాలు ఇక్కడ ఎక్కువని అందరికీ చెప్పాను. నిజానికి ఆ గోడ పక్కన ఉండలేకపోయాను. ఊరు వెళ్ళినప్పుడల్లా ఈసారి చెబుదామనుకునేవాణ్ణి. ఆయన "కారు బాగా చూసుకుంటున్నావా, నానబెట్టి కడుగుతున్నావా?" అని అడిగేవాడు. ఆ మాటతో నా నోరు మూతపడేది. రెండేళ్ళ క్రితం జ్వరం వచ్చి పది రోజుల్లో పోయాడు. పోయినవాళ్ళని తలుచుకుని ఇంట్లోవాళ్ళని ఓదార్చే ఆదరణ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన మంచితనం గురించి చక్కగా చెప్పాను. అందరూ ఏడ్చారు. అప్పుడు కూడా చెప్పాల్సింది చెప్పలేదు.

పోయిన నెల ఆగలేక వెళ్ళాను. మరియమ్మ పిన్ని పంచలో మిరపకాయలకి తొడిమలు తీస్తూ కూర్చుంది. నిలబడే చెప్పాను, మొదటినుంచి చివరిదాకా. ఆమె చేతులు ఆగలేదు. నేను ముగించాక ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది.

"నాకు చెప్తే నేనేం చేసుకోను నాయనా?" అంది. "పోయే ముందు రోజు కూడా, ఆ రోజు జిగురు మందు సీసా ఎంత వంచానే అని నన్నే అడిగాడు. జ్వరంలో. ఊరంతా ఆయన్ని అన్నారు, ఊరంతా వినాలి. ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడు లేచి చెప్పు. సాంబయ్యగారు గుడికి రారు. ఆయనకి విడిగా చెప్పు."

కూర్చోమనలేదు. మంచినీళ్ళు ఇవ్వలేదు. ఆమె అలా చేసినందుకు నాకు కాస్త ఊపిరాడింది.

ఆదివారం వెళ్ళాను. సాక్ష్యాల వేళ ఎవరైనా లేచి దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకుంటారు. ఒకామె కొడుక్కి ఉద్యోగం వచ్చిందని, ఒకాయన ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పారు. తర్వాత నేను లేచాను. ఏసోబు బాబాయి చెయ్యి ఆ రోజు తప్పలేదనీ, ట్యాంకు నేను కడగలేదనీ, రెండుసార్లు అబద్ధం చెప్పాననీ చెప్పాను. కుర్రవాళ్ళకి ఆ సంగతే తెలియదు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దవాళ్ళు తలలు వంచుకున్నారు. ఆ రోజు రోడ్డు మీదనుంచి అరిచినవాడు కూడా అక్కడే ఉన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. సాంబయ్యకి తన చేలోకి వెళ్ళి విడిగా చెబితే, ఆయన మాత్రం తిట్టాడు. "ఒరేయ్, ఆ మనిషి నా చేలో అడుగుపెట్టడమే మానేశాడు గదరా! ఏసోబు చెయ్యి తప్పదని నేను మొత్తుకుంటూనే ఉన్నా" అన్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవర్ని అడిగినా ఆ మాటే అంటారు. ఏసోబు చెయ్యి ఎన్నడూ తప్పలేదని ఊరంతా ఒప్పుకుంది. ఆయనొక్కడే ఒప్పుకోకుండా పోయాడు.