కొత్తగా మిగిలిన పదమూడు ముక్కలు

మా బావ ఫైరు స్టేషన్లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. మంటలార్పిన కథలు చెప్పమంటే అన్నం తినడం కూడా మరిచిపోయి చెబుతాడు. మెట్లెక్కమంటే మాత్రం ప్రతి అంతస్తు దగ్గరా ఆగి, ఎవరిదో ఫోను వచ్చినట్టు నటిస్తాడు. ఉత్తర కుమారుడికి యూనిఫాం తొడిగితే మా బావే. అక్కా బావా ఉండేది నాలుగో అంతస్తులో, నేనుండేది సరిగ్గా వాళ్ల కింద. అందుకే ఆయన ప్రతాపం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వాళ్ల ఉద్యోగంలో ఏటా ఒక పరీక్ష ఉంటుంది. ఎనభై కిలోల ఇసుక కూరిన గోనె బొమ్మను భుజాన వేసుకుని, మూడో అంతస్తు నుంచి కిందికి మూడు నిమిషాల్లో దిగాలి. ఆ బొమ్మకు స్టేషన్లో అందరూ కలిసి పెట్టుకున్న పేరు అల్లుడు. ఒక్క పనీ చేయడు, నెత్తిన పెట్టుకుని మోయాలి, కింద పెట్టేటప్పుడు కూడా మర్యాదగా పెట్టాలి. కిందటేడు బావ ఆ అల్లుణ్ణి సగం దారిలోనే కూలేశాడు. ఈసారి కూడా తప్పితే ఇక ఇంజను ఎక్కనివ్వరు. సామాన్ల గదిలో గొట్టాలు ఆరబెట్టుకుంటూ రిటైరవ్వాలి. బావకు అది చావుతో సమానం. ఇంజను ముందు సీట్లో ఆయన వస్తుంటే జనం పక్కకు తప్పుకుంటారు. జీవితంలో ఆయనకు దక్కిన గౌరవం అదొక్కటే.

మా అక్క పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. పరీక్ష మూడు నెలలుందనగా ఎవరో చెబితే ఒక పేకకట్ట కొనుక్కొచ్చింది. ఆడుకునే పేక కాదు, కసరత్తు పేక. జిమ్ము అక్కర్లేదు, ఇనుము అక్కర్లేదు, చాప పరిచేంత చోటుంటే చాలు. ఇస్పేటు వస్తే దండీలు, ఆఠీను వస్తే పొట్టకు, డైమను వస్తే చేతులకు. కళావరు వస్తే బస్కీ తీసి గాల్లోకి గెంతాలి. ముక్క మీద ఎంత అంకె ఉంటే అన్నిసార్లు. యాభై రెండు ముక్కలూ ఆగకుండా తీస్తే ఎంతటి మొనగాడైనా చాప మీద సోలిపోవాల్సిందే.

పేకను చూడగానే బావ కళ్లు మెరిశాయి. అక్క పొరపాటు అక్కడే జరిగింది. ముప్పై ఏళ్లు రమ్మీ ఆడినవాడి చేతికి పేకనిచ్చి, వచ్చిన ముక్కకల్లా తలవంచి ఒళ్లు వంచమంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. రమ్మీలో పనికిరాని ముక్కను ఎవరైనా ఏం చేస్తారు?

పొద్దున్నే ఎనిమిదింటికి అక్క పనికి వెళ్లగానే నా నెత్తిమీద కసరత్తు మొదలయ్యేది. మూలుగులు వినిపించేవి, రొప్పు వినిపించేది, మధ్యమధ్యలో ఆయనకు ఆయనే శభాష్ చెప్పుకోవడం కూడా వినిపించేది. తొంభై కిలోల మనిషి గెంతితే నా గది పైకప్పు సున్నం రాలాలి కదా. నెల దాటినా చిటికెడు రాలలేదు. అనుమానం వచ్చి ఒకరోజు పైకి వెళ్లాను. బావ చాప మీద బాసింపట్టు వేసుకుని, పదమూడు ముక్కలు విసనకర్రలా విప్పి పట్టుకుని కూర్చున్నాడు. అన్నీ కళావర్లే.

"ఇవి డ్రాప్ బామ్మర్దీ," అన్నాడు తాపీగా. "మోకాళ్లకు పడవు."

అల్లుణ్ణి చేతులతో మోసి, పొట్టతో మెట్లు దిగుతాడన్నమాట. లోపల నవ్వుకుంటూ కిందికి వచ్చేశాను.

పరీక్ష ఇంకో వారం ఉందనగా అక్క ఆ కట్టను చేతిలోకి తీసుకుంది. ముప్పై తొమ్మిది ముక్కలు చెమటకు మెత్తబడి, అంచులు నల్లబడి ఉన్నాయి. పదమూడు మాత్రం ఇప్పుడే పెట్టెలోంచి తీసినట్టు తళతళలాడుతున్నాయి. బావ రెప్ప కూడా వేయకుండా, కాళ్లకు రోజూ మెట్ల మీద వేరే సాధన చేస్తున్నానని చెప్పాడు. అక్క అరవలేదు. ఆదివారం తమ్ముణ్ణి భుజాన వేసుకుని మూడో అంతస్తు నుంచి కిందికి దిగండి, వాడూ ఎనభై కిలోలే, అంది. సిద్ధంగా లేనివాళ్లు సోమవారం లోపు కాగితం రాసిస్తే రెండు నెలలు గడువిస్తారట. దించలేకపోతే ఆ కాగితం తనే రాయిస్తానంది. ఆదివారం పొద్దున తనకు డ్యూటీ ఉంది కాబట్టి చూసి చెప్పే బాధ్యత నాకు అప్పగించింది.

ఆదివారం బావ నన్ను బస్తాలా ఎత్తి భుజాన వేసుకున్నాడు. మొదటి పది మెట్లూ హుషారుగానే దిగాడు. తర్వాత ఊపిరి రంపం కోసినట్టు వచ్చింది. రెండో అంతస్తు చేరేసరికి మోకాళ్లు గడగడా వణికి, నన్ను మెట్టు మీద కూలేసి తనూ చతికిలబడ్డాడు.

"కిందిదాకా మోశానని మీ అక్కతో చెప్పు," అన్నాడు రొప్పుతూ. "కాగితం రాస్తే స్టేషన్లో అందరూ నవ్వుతారురా."

నాకు జాలి వేయలేదు. ఉన్నమాట చెప్పాలంటే సరదా వేసింది. ఇన్నాళ్లూ కోతలు కోసిన మనిషి అందరి ముందూ చతికిలబడితే చూడాలనిపించింది. సరే బావా అన్నాను. మధ్యాహ్నం అక్క వచ్చి అడిగితే, దూదిపింజలా మోశాడక్కా అని కూడా కలిపాను. అక్క అప్పటికే రాసిపెట్టిన కాగితాన్ని బ్యాగులోంచి తీసి చించేసింది.

పరీక్షకు సెలవు పెట్టుకుని మరీ వెళ్లాను. బావ సరిగ్గా రెండో అంతస్తు దగ్గరే కూలబడ్డాడు. అల్లుడు మాత్రం దొర్లుకుంటూ రెండు నిమిషాల్లోపే కిందికి చేరుకున్నాడు. అందరికంటే ముందు నవ్వింది నేనే. బావ రెయిలింగు పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగొచ్చాడు. ఎవరూ అడగకముందే తలమీది హెల్మెట్టు తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఆఫీసరు చేతికిచ్చాడు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక అక్కకు జరిగిందంతా తనే చెప్పాడట. బామ్మర్దిని ఏమీ అనకు, అలా చెప్పమన్నది నేనే అన్నాడట. అక్క నా గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఆయన దొంగాట ఆడతాడని నాకు పెళ్లైన కొత్తలోనే తెలుసు. అందుకే నిన్ను చూడమన్నాను. నీ సంగతే ఇవాళ తెలిసింది."

అని వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్లిపోయింది.

బావ ఇప్పుడు సామాన్ల గదిలో గొట్టాలు ఆరబెడుతున్నాడు. మళ్లీ ఇంజను ఎక్కనివ్వరని ఆయనకూ తెలుసు. అయినా పొద్దున్నే ఎనిమిదింటికి నా పైకప్పు దడదడలాడుతుంది, సున్నం నా మంచం మీద రాలుతుంది. పదమూడు ముక్కలూ అయ్యేదాకా ఆగదు. పైకి వెళ్లి ఆపమనే ముఖం నాకు లేదు. చీపురు తీసుకుని ఊడ్చుకుంటున్నాను.