తీసి పెట్టెయ్యమన్న మాట

మా మేనమామ ఇక లేడన్న కబురు నాకు మొదట చెప్పింది ఆయన కూతురే. మొన్న పొద్దున నేను దీపం పెట్టి లేస్తుండగా గురుబరపల్లి నుంచి ఫోను చేసి, "వదినా, నాయన పోయినాడు" అంది. వెళ్ళి ఆయనను సాగనంపి వచ్చాను గానీ, అక్కడ ఆయనతో పనిచేసిన పెద్దాయన ఒకరు పక్కవారితో, "మంచోడేనప్పా, ఆ సర్వరు మాత్రం చెడగొట్టి పెట్టినాడు" అనడం చెవిన పడినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. వసారాలో కూర్చోబెట్టి నాకు తెలుగూ ఇంగ్లీషూ లెక్కలూ నేర్పిందీ, ఆ తర్వాత చదువు కాగితం ఏదీ లేని నాకు హోసూరులో తాను పనిచేసే ఇంజనీరింగు కర్మాగారంలో పూచీపడి తన కిందే ప్రోగ్రాములు రాసే పని ఇప్పించిందీ మామే. ఆ మేలుకు ఈనాటికీ పూజలో ఆయన పేరు తలుచుకుంటాను.

ఏ విడిభాగం ఏ అరలో ఉందో చెప్పే డేటాబేస్ సర్వరు మాది, దాన్ని మామూలుగా ఆపేవారు కాదు. సర్వరు ఒక ఫైలు తెరిచిందంటే దాన్ని చేత్తో పట్టుకున్నట్టే, పని కాగానే మూసి వదిలెయ్యాలి. వదలకుండా పట్టుకుంటూ పోతే చివరికి చేతులు నిండిపోయి, కొత్తది తెరవలేక నిలిచిపోతుంది. మాది పది పన్నెండు రోజులకొకసారి అలాగే నిలిచిపోయేది, దాంతోపాటు అసెంబ్లీ లైనూ ఆగేది, దాని బాధ్యత చూసే మామ పరుగున వచ్చి సర్వరును ఆపి మళ్ళీ నడిపించేవాడు.

చివరికి ఒక మధ్యాహ్నం, అది నిలిచిపోకముందే, తెరిచి ఉన్న ఫైళ్ళ జాబితా తీసి చూశాం. పేజీల కొద్దీ ఒకే ఫైలు పేరు. దాన్ని తెరిచే ప్రోగ్రాము నేను రాసినదే. అడిగిన భాగం దొరక్కపోతే ఫైలును ఏం చేయాలని కొత్తలో నేను అడిగితే, మామ అన్నం తింటూ, "తీసి పెట్టెయ్యమ్మా" అన్నాడు. ఇంట్లో గిన్నెలు తీసి పెట్టెయ్యమంటే సర్దేస్తాం, తలుపు తియ్యమంటే తెరుస్తాం. ఫైలుకు ఏది వర్తిస్తుందో మళ్ళీ అడగడానికి భయపడి, తెరిచే ఉంచమన్నాడనుకున్నాను; ఆయన అన్నది మూసెయ్యమని. అలా దొరకని ప్రతి భాగానికీ ఒకసారి తెరుచుకుని, అలాగే ఉండిపోయింది.

ఫైలును మూసే వరుస ఒక్కటి ప్రోగ్రాములో చేర్చాం, అంతే. నేను ఏడుస్తుంటే మామ నవ్వి, "నీకు తెలుగు నేర్పింది నేనే కదమ్మా, తప్పు నాదే. ఫైలు తీసినావు సరే, ఆడ మేనేజరు ముందర నోరు మాత్రం తియ్యొద్దు" అన్నాడు. నేరుగా మేనేజరు గదికి వెళ్ళి, ఆ ప్రోగ్రాము తాను రాసినదేనని చెప్పాడు. ఆయనను సర్వరు దగ్గర నుంచి తప్పించి గోడౌనుకు పంపారు, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన కుర్చీ నాకిచ్చారు. పని పోతుందని అప్పుడు నోరు తియ్యలేదు. మొన్న ఆయన శవం దగ్గర కూడా తియ్యలేదు.

ఇప్పటి ప్రోగ్రాములు తెరిచిన ఫైలును చాలావరకు వాటంతటవే మూసేస్తున్నాయి. ఏ వరుస ఎవరు రాశారో కూడా పేరుతో సహా అందులోనే ఉండిపోతుంది, ఇంకొకరి తప్పును నెత్తిన వేసుకుందామన్నా కుదరదు.

ఆ రోజుల్లో ఆ కర్మాగారంలో పనిచేసినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్కటే వేడుకుంటున్నాను. ఆ సర్వరును చెడగొట్టింది నేను. మా మామను, దాన్ని బాగుచేసినవాడిగా తలుచుకోండి.