కాలేజీ ముక్కు

సూరత్‌లో ఒక కాలేజీ ముక్కును మా పరుశురాం పట్టపగలు కోసేశాడు. సరే, కోయలేదు. చూపించమని అడిగాడు, అంతే. కానీ కోసినంత పనైంది.

పరుశురాంది సిరిసిల్ల వైపు ఊరు. ఇరవై రెండేళ్లుగా మగ్గాలు నడుపుతూ బమ్రోలిలో మా పక్కింట్లోనే ఉంటున్నాడు. కూతురు రుచితకు బీకాం సీటు వచ్చింది. చేరడానికి ఆ సాయంత్రం ఐదింటిదాకానే గడువు. పొద్దున్నే నా గుమ్మంలో నిలబడ్డాడు. రాత్రి నిద్రపోయిన మొహం కాదు.

"మా తమ్ముడు సంపత్ పట్టా ఏ ఆఫీసుల చెల్లలే సారూ. బిడ్డకు గట్లనే అయితే?"

"కాలేజీకి యూనివర్సిటీ గుర్తింపు ఉందా?"

"ఉన్నదట. రుచిత చూసింది."

"అయితే పట్టా చెల్లుతుంది. చదువు ఎలా చెబుతారో తెలియాలంటే నాక్ చూడు."

నాక్ అంటే కాలేజీలను పరీక్షించి గ్రేడు ఇచ్చే సంస్థ. హిందీలో మాత్రం ముక్కు. ఆ తేడా చెప్పడం ఎందుకో నాకు గుర్తు రాలేదు.

"కాలేజికి ముక్కేంది సారూ?"

"లేకపోతే పరువేం ఉంటుంది?"

మధ్యాహ్నం ముగ్గురం వెళ్లాం. కౌంటర్ దగ్గర పరుశురాం, "మేడమ్, నాక్ దిఖావో" అన్నాడు. ఆ అమ్మాయి చప్పున ముక్కుపుడక మీద చెయ్యి పెట్టుకుంది.

"బాపూ! సర్టిఫికెట్ అను" అని రుచిత గొణిగింది.

ఆ అమ్మాయి గోడ మీది ఫ్రేము చూపించింది. 'ఏ ప్లస్' అని బంగారు అక్షరాలు. నేను ఊపిరి పీల్చుకున్నాను. పరుశురాం పీల్చుకోలేదు. బట్టలో తెగిన పోగు వెతికినట్టు వరుస వరుసా వేలితో తడిమాడు. ఆఖరి వరుసలో వేలు ఆగింది. గ్రేడు గడువు నిరుడే తీరిపోయింది.

"మళ్లీ వస్తుంది అంకుల్, పని నడుస్తోంది" అంది ఆ అమ్మాయి.

"పోగు తెగినా మగ్గం కొట్టుకుంటనే ఉంటది. బట్టనే దిగదు" అని తెలుగులోనే అనేశాడు. రుచిత హిందీలో చెప్పింది.

అప్పటికి మూడున్నర. రుచితకు సీటు వచ్చిన రెండో కాలేజీ ఊరికి అటు చివర.

"అది బి గ్రేడే కదా బాపూ..."

"బి అయితేంది? పానంతోటి ఉన్నది. జర జల్దీ నడు!"

ఆటోలో సర్టిఫికెట్ల కవరు గుండెకు అదుముకుని, ప్రతి సిగ్నల్ దగ్గరా నా గడియారం చూశాడు. ఐదుకు పది నిమిషాలుండగా రుచిత సంతకం పెట్టింది.

ఇదంతా రాసి నిన్న పరుశురాంకు చదివి వినిపించాను.

"అంత అబద్దం సారూ! ఆ దినం నేను డ్యూటీల ఉన్న. ముక్కు లేదు, గిక్కు లేదు. గా కాలేజి గడపనే తొక్కలే."