తమ్ముడి కాళ్లకు నీళ్లు

పోయిన వారం మా వీధి చివరింటి కోడలు పేరంటానికి పిలవడానికి వచ్చి కూర్చుంది. మాటల మధ్యలో సెల్‌ఫోనులో అలారం మోగితే, సంచిలోంచి రెండు మాత్రలు తీసి గుటుక్కున మింగి, ఏమీ జరగనట్టు మళ్లీ చీరల సంగతిలో పడింది. మూడేళ్ల కిందట కిడ్నీ మార్చారట. ఆమె అంత నిబ్బరంగా నవ్వుతుంటే నా చూపు మాత్రం ఆమె పాదాల మీదికి పోయింది. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎనభైల్లో ఆ మాట వింటేనే ఇంటిల్లిపాదీ వణికేవాళ్లం.

ధర్మవరంలో మగ్గం నేసే మా తమ్ముడికి అప్పట్లో నా కిడ్నీ ఒకటి ఇచ్చాను. మద్రాసులో ఆపరేషన్ అయింది. ఇవ్వడానికి భయపడలేదు గానీ, ఇచ్చాకే మొదలైంది భయం. తోడబుట్టినదానిదైనా సరే, ఒంటికి అది పరాయిదేనట. ఒళ్లు దాన్ని తరిమేయకుండా బతికినన్నాళ్లూ మందు తాగాలన్నారు. నూనెలా జిడ్డుగా, వాసనకే కడుపులో తిప్పే ఆ మందు బెంగుళూరు నుంచి సీసాల్లో వచ్చేది. గాజు గ్లాసులో పాలు పోసి, కలుపుకుని, పూటపూటా తాగుతున్నానని వాడు చెప్పేవాడు. చెప్పడమే గానీ, నేనెక్కడ చూడొచ్చాను?

నేనుండేది ముదిగుబ్బలో, అత్తవారింట్లో. కాళ్లు వాస్తే కిడ్నీ చెడుతున్నట్టేనని డాక్టరు అన్న మాట నా బుర్రలో మేకులా దిగబడిపోయింది. అందుకే వాడు ఎప్పుడొచ్చినా గడప దగ్గరే నిలబెట్టి, చెంబుతో కాళ్లకు నీళ్లు నేనే పోసేదాన్ని. ఇంటికొచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం మర్యాదే కదా, ఎవరికీ అనుమానం రాదు. వానలు లేక వేరుశనగ చెట్లు నిలువునా ఎండి, బోరింగు దగ్గర ఒక్క బిందెకు పూటంతా పట్టే కరువులో కూడా ఆ చెంబుకు లోటు రానివ్వలేదు. మా అత్త సణిగేది, సణగనీ అనుకునేదాన్ని. నీళ్లు పోస్తూ వాడి చీలమండలే చూసేదాన్ని. ఎముక తేలి కనబడితేనే ఆ పూట నాకు ముద్ద దిగేది.

ఆపరేషనైన నాలుగో ఏడు ఎండాకాలంలో వాడు బస్టాండు బోరింగు దగ్గరే కాళ్లు కడుక్కుని వచ్చాడు. పంచె పాదాల మీదికి దించి కట్టాడు. నీళ్లు తెస్తానంటే, ఇంత కరువులో కాళ్లకెందుకని నవ్వబోయాడు. పంచె పైకి లాగి బొటనవేలితో నొక్కి చూశాను. పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు.

భయం కోపమై నోటికొచ్చింది.

"మందు మానుకున్నావు గదప్పా? నేను కోయించుకోని ఇచ్చింది నీకు అలుసైపాయనా?"

"లేదక్కా. ఒక్క పూట గూడా తప్పలేదు," అన్నాడు తల వంచుకుని.

నేను నమ్మలేదు. మద్రాసు దాకా వాడితో సరిగా మాట్లాడను కూడా లేదు. అక్కడ కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేసి, డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పుండు మానినచోట చర్మం గట్టిపడినట్టు, కిడ్నీ లోపలంతా మచ్చలు కట్టిందట. మందు మానినందువల్లే అనుకోనక్కర్లేదట, ఏళ్ల తరబడి తాగితే ఆ మందే లోపలి సన్నటి రక్తనాళాలను నొక్కేసి ఇలా చేయగలదట. కంచే చేను మేసిందన్నమాట. మందు తగ్గిస్తే ఒళ్లు కిడ్నీ మీద పడుతుంది, తగ్గించకపోతే మచ్చ పెరుగుతుంది.

తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి వాడే అన్నాడు, "నీదాన్ని నేను కాపాడల్యాకపోతినక్కా."

మరుసటి ఏడు వానలు పడకముందే పోయాడు.

ఇప్పుడు రక్తంలో మందెంతుందో చూసి కొలతగా ఇస్తున్నారట, సరిపడకపోతే మార్చడానికి వేరే మందులూ ఉన్నాయట. ఇచ్చిన కిడ్నీ కలకాలం ఉండదని ముందే విడమరిచి చెబుతున్నారట. ఆ రోజుల్లో మాకవేవీ తెలియవు. చెడిందంటే ఎవరో ఒకరు చెడగొట్టి ఉండాలనే తెలుసు. తప్పు నీది కాదప్పా అని ఆ రైల్లో నేను అనలేదు. ఏడుపు అడ్డొచ్చి అనలేకపోయానని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. నిజం వేరు. డాక్టరు అంత చెప్పినా, ఏదో ఒక పూట వాడు తప్పే ఉంటాడని నాకు అప్పటికీ అనుమానమే.