చెప్పులు కూడా రావాలి

మొన్న ఆదివారం వనపర్తిలో ఫోటోల ప్రదర్శన పెట్టినవాళ్లు నేను తీసి పంపిన ఫోటోను తిప్పి పంపారు. ఎంపిక చేసింది ఒకప్పుడు నాతో పాటు అదే పత్రికకు ఫోటోలు తీసిన మిత్రుడే. ఇప్పుడు అక్కడ స్టూడియో నడుపుతున్నాడు. నొచ్చుకుంటానేమోనని తనే ఫోన్ చేశాడు. "అన్నా, ఏమనుకోకు. పాస్‌పోర్టు ఫోటో లెక్క బిగుసుకోని నిలవడ్డది ఆ ముసలామె. మొకం ఇంతంత, బూట్లేమో గంతంత. బూట్లెందుకు తీసినవే?" అన్నాడు. ఏమీ అనుకోలేదని చెప్పాను. ఆ మధ్యాహ్నమే గద్వాలలో మా ఇంటి ముందుగదిలో, వచ్చినవాళ్ల కళ్లు మొదట పడే చోట మేకు కొట్టి దాన్ని తగిలించాను. మా ఆవిడ స్టూలు పట్టుకుని నిలబడి, కుడివైపు దిగిందంటూ రెండుసార్లు సరిచేయించింది.

ముప్పై ఏళ్లు పత్రికకు ఫోటోలు తీసి, వార్తలు రాసి బతికాను. చేరిన కొత్తలో డెస్కులో పెద్దాయన నేర్పిన మొదటి పాఠం, చెప్పి తియ్యకు, చెబితే మనిషి బిగుసుకుపోతాడని. రెండోది, దగ్గరికి పో, మొహం చాలని. ఈ రెండు పాఠాలకూ మా పల్లెలకూ ఎప్పుడూ పడేది కాదు. ధరూరు వైపు పత్తి ఏరుతున్న ఒకాయన ఫోటో పేపర్లో వచ్చాక తీసుకెళ్లి చూపిస్తే, పేపరు తిరగేసి వెనక పేజీలో కూడా వెతికి, "నా కాళ్లేవి సారూ?" అని అడిగాడు. మానవపాడులో ఒక దర్జీ తన పెళ్లి ఫోటోలో బూట్లు కోసేశారని స్టూడియోవాళ్లతో రెండేళ్లు మాట్లాడలేదు. ఫోటో అంటే వాళ్ల లెక్కలో మనిషి మొత్తం రావాలి. తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు తొడుక్కుని, కాళ్ల చెప్పులతో సహా. ఆఫీసులో ఈ ముచ్చట్లు చెప్పుకుని టీ తాగుతూ నవ్వుకునేవాళ్లం.

రిటైరయ్యాక, నిరుడు, మా వయసువాళ్లం పదిహేనుమందిమి కలిసి వియత్నాం వెళ్లాం. అక్కడ విమానం దిగింది మొదలు మా ఆవిడ అందరితోనూ తెలుగులోనే మాట్లాడింది, పని కూడా జరిపించుకుంది. ఉత్తరాన కొండల్లో ఒక సంతలో ఆగాం. అప్పుడే వాన వెలిసి, బురద వాసనా అల్లం వాసనా కలిసి వస్తున్నాయి. ఒక ముసలామె పొయ్యి మీద పల్లికాయ ఉడికించి అమ్ముతోంది. మా ఆవిడ పుట్టింది బల్మూరు దగ్గర పల్లెలో. పల్లికాయ కనిపిస్తే ఏ దేశమైనా ఆగాల్సిందే. ఒకటి వలిచి నోట్లో వేసుకుని, "ఉప్పు జర తక్కువైంది అక్కా" అంది. ఆమె తన భాషలో ఏదో బదులిచ్చింది. ఏం అర్థమైందో, ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను బుట్టల చాటుకు తప్పుకుని కెమెరా ఎత్తాను. ఆవిరిలోంచి ఏటవాలుగా పడిన ఎండ, తెరిచిన నోట్లో మిగిలిన రెండు పళ్లు, నుదుటికి అతుక్కున్న చెదిరిన జుట్టు. నా ఉద్యోగం మొత్తంలో అంత మంచి ఫోటో తీయలేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

మా ఆవిడకు చూపించాను, మురిసిపోతుందని. "ఆమెకు చూపెట్టినవా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. మా అత్తగారింట్లో ఏదో విదేశీ పుస్తకంలోంచి చించిన కాగితం ఒకటి ఉండేది. దాని మీద పదేళ్ల మా ఆవిడ మొహం, కింద ఇంగ్లిషులో ఆకలి గురించి ఒక వాక్యం. ఎవరో తెల్లాయన చేను పక్కన కారు ఆపి తీశాడట. పేపరు మనిషిని కదా, బాగా తీశాడనే అనేవాణ్ణి. ఇన్నేళ్లలో ఆమె ఏమీ అనలేదు. ఆ సంతలో అంది.

"ఆ పొద్దు కడుపు నిండ పచ్చి పల్లికాయ తిని ఉన్న నేను. మా నాయన నాగర్‌కర్నూల్ అంగట్ల కొనిచ్చిన కొత్త చెప్పులేసుకున్న, ఎర్ర పట్టీలవి. అవి కనవడాలని కాళ్లు దగ్గర వెట్టి నిలవడ్డ. మొకమొక్కటి కోసుకపోయిండు ఆయన. నువ్వు గూడ గంతేనా?"

ఉన్నది ఉన్నట్టు తీశాను కదా అని వాదించాను. "ఉన్నదాంట్ల సగమే తీసినవ్" అంది.

ముసలామెకు చూపించాను. రెండు చేతులతో కెమెరా పట్టుకుని చూసింది. నవ్వు ఆగిపోయింది. ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో జుట్టు సర్దుకుంటూ తల అడ్డంగా ఊపింది. నా వేలు డిలీట్ బటన్ మీద చాలాసేపు ఆగింది. చివరికి ఆ ఫోటోను చెరిపేశాను. అప్పుడామె ఆగమని సైగ చేసి, గరిటె మా ఆవిడ చేతికిచ్చి వెనక ఇంట్లోకి వెళ్లింది. బస్సు కదులుతోందని గైడు పరుగెత్తుకొచ్చాడు. మా ఆవిడ పీట మీద కూర్చుని, "పోతే పొమ్మను. అంగడి నాకప్పజెప్పి పోయిందామె" అంది. దాన్ని ఇంగ్లిషులోకి మార్చి చెప్పే పని నాకు పడింది. ఈలోగా మా ఆవిడ ఒకరికి పొట్లం కూడా కట్టి ఇచ్చింది, ఉప్పు వేసి.

ముసలామె తడిపి దువ్విన జుట్టుతో, నీలం వెల్వెట్ చొక్కాతో, మెరుస్తున్న నల్ల బూట్లతో వచ్చింది. బురదలో గోనెసంచి పరిచి, దాని మీద చేతులు పక్కలకు ఆనించుకుని, నోరు బిగించి నిలబడింది. నేను కెమెరా ఎత్తగానే వేలితో బూట్లు చూపించింది. నాలుగడుగులు వెనక్కి వేశాను. బస్సులో మాకోసం కాచుకున్నవాళ్లు హోటల్ దాకా మమ్మల్ని తిడుతూనే ఉన్నారు.

మొన్న ఫోన్లో ఇదంతా చెబితే నా మిత్రుడు నిట్టూర్చి, ఆ మొదటిది ఎక్కడన్నా మిగిలి ఉంటే పంపమన్నాడు. మిగల్లేదన్నాను, మిగిలినా పంపనన్నాను. ఇంటికొచ్చినవాళ్లు ఈమె ఎవరని అడిగితే, మా ఆవిడ "ముందుగాల బూట్లు జూడుండ్రి" అంటుంది. నా అటక మీది పెట్టెలో ముప్పై ఏళ్ల మొహాలున్నాయి. ఆ రోజు వాళ్ల కాళ్లకు ఏమున్నాయో ఇప్పుడు ఎవరినడిగినా తెలియదు. కాలం ఎలాగూ మనిషిని కొంచెం కొంచెంగా చెరిపేస్తూనే ఉంటుంది. ఆ పనిలో నా కెమెరా ఇక దానికి సాయపడదు.