బొమ్మ తెగని తెర

మా అక్క దృష్టిలో ఆమె చిన్నప్పుడు చూసిన సినిమా హీరోలందరూ ఎడమచేతి వాటం వాళ్ళే. కత్తి ఎడమచేత్తో దూసేవారు, ముద్ద ఎడమచేత్తో కలిపేవారు. కారణం ఉంది. కాజీపేటలో మా రైల్వే క్వార్టర్ల వరుసలో మొదటి టీవీ మాదే. పట్టాల మీద గూడ్సు బండి కదిలితే చాలు, అందులో బొమ్మ గిర్రున పైకి తిరిగిపోయేది. టీవీ వెనక హోల్డ్ అని రాసి ఉన్న నల్లటి చిన్న మరను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతుంటే నిలబడేది. ఆ మర అక్క వేళ్ళకు తప్ప ఎవరికీ లొంగేది కాదు. అందుకని మేమంతా టీవీ ముందు, అక్క వెనక. ఎదుటి గోడకున్న అద్దంలో ఆమె సినిమా చూసేది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నేను కాస్త పెంచుతుంటాను. బొగ్గు బండి వెళ్ళినప్పుడు హీరో తల మా ఇంట్లో, కాళ్ళు వర్ధన్నపేటలో ఎవరి టీవీలోనో కనిపించేవని చాలామందిని నమ్మించాను. అక్క మాత్రం నా మాటలు నమ్మడం ఏనాడో మానేసింది. ఆ సంగతి నాకు ఈమధ్యే అడ్డం వచ్చింది.

నర్సుగా రిటైరై అక్క ఇప్పుడు హనుమకొండలో ఉంటోంది. ఆదివారం చర్చి నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని, సికింద్రాబాద్‌లో ఉన్న మనవరాలితో నెట్‌లో కార్ల పందెం ఆడుతుంది. వారమంతా ఆమె ఎదురుచూసేది ఆ గంట కోసమే. అలాంటిది ఒకరోజు ఫోన్ చేసింది.

"తమ్మీ, నేనిగ ఆట బంద్ చేస్తాన."

"ఏమైందే అక్కా?"

"మూల తిరిగినప్పుడల్లా రోడ్డు నడుమకు తెగుతాంది. పై ముక్క ఒక దిక్కు, కింది ముక్క ఒక దిక్కు. కండ్ల దవాఖానకు పోయిన. కండ్లు మంచిగనే ఉన్నయంటాండు. అంటే ఇగ తలకాయదే లోపం."

అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇలాంటి చిన్న సంగతితో మొదలై మంచాన పడ్డవాళ్ళను ఆమె వార్డుల్లో ఎందరినో చూసింది.

వెంటనే వెళ్ళాను. ఆమె ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. కారు మూల తిరిగింది. ముక్కలుగా అంటించిన వాల్‌పోస్టర్ అతుకు తప్పినట్టు, రోడ్డు నిజంగానే అడ్డంగా తెగింది.

"అక్కా, నాకు గూడ తెగుతాంది."

"నన్ను ఓదార్చనీకి చెప్తానవ్. నీ నోట్లెకెళ్ళి నిజం ఎన్నడు వచ్చింది గనుక."

జీవితంలో నేను చెప్పిన పచ్చి నిజాల్లో అదొకటి. చెల్లలేదు.

సరే పదమని చౌరస్తాలో ఉన్న కంప్యూటర్ షాపుకు తీసుకుపోయాను. అక్కడి సేల్స్‌మన్ ఓపికగా చెప్పాడు. మామూలు మానిటర్ తన పద్ధతిలో తాను ఒకే వేగంతో బొమ్మ మారుస్తుంది. కంప్యూటర్ మాత్రం ఆటలో బరువును బట్టి ఒకసారి తొందరగా, ఒకసారి నెమ్మదిగా బొమ్మ తయారుచేస్తుంది. రెండూ కలవనప్పుడు పాత బొమ్మ సగం, కొత్త బొమ్మ సగం కనిపిస్తాయి. అడాప్టివ్ సింక్ ఉన్న మానిటర్ అయితే కొత్త బొమ్మ తయారయ్యేదాకా ఆగి, అప్పుడు మారుస్తుంది.

ఒకే ధరలో రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టించాం. పెద్దదానికి ఆ సౌకర్యం లేదు, చిన్నదానికి ఉంది. టీవీ కాలంవాణ్ణి కదా, బొమ్మ బాగుందో లేదో చూడాలంటే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. సినిమా పాట పెట్టమన్నాను. రెండింటిలోనూ పాట చక్కగా నడిచింది.

"చూసినవా, అడాప్టివ్ సింక్ అంటే డబ్బా మీది స్టిక్కరే. పెద్దది తీసుకో," అన్నాను గొప్పగా.

అక్క ముఖం వాడిపోయింది. ఎందుకో అర్థమవడానికి నాకు కాస్త టైం పట్టింది. ఆ సౌకర్యం లేనిదాంట్లో కూడా తెగకపోతే, తప్పు మళ్ళీ ఆమె తలకాయదే.

ఆమె కాసేపు పాట చూసింది. "బిడ్డా, పాట ఎప్పుడు ఒక్క తీరుగనే నడుస్తది. అది బంద్ చేసి ఆట పెట్టు," అంది.

అతను కార్ల ఆట పెట్టాడు. పెద్ద తెర మీద రోడ్డు తెగినట్టు అనిపించీ అనిపించకుండా ఉంది.

"నీ కంప్యూటర్ పహిల్వాన్ లెక్కున్నది. మాది ముసలిది. జర దీనికి ఆయాసం వచ్చేటట్టు చెయ్యి."

అతను నవ్వి, ఆటలో ఎండ, వాన, నీడలు అన్నీ పెంచాడు. కారు మూల తిరిగింది. పెద్ద తెర మీద రోడ్డు అడ్డంగా తెగింది. చిన్నదాని మీద తెగలేదు.

నేను నోరు తెరవబోయాను.

"నువ్వు చెప్పకు," అని, అక్క సేల్స్‌మన్ వైపు తిరిగింది. "నీకు తెగిందా బిడ్డా?"

"తెగింది మేడం."

హెడ్‌ఫోన్స్ కొనడానికి వచ్చిన ఒకామెను కూడా పిలిచి చూపించింది. ఆమెకూ తెగింది. అప్పుడు అక్క స్టూలు మీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని, మంచినీళ్ళు అడిగింది.

చిన్నదే తీసుకున్నాం. కంప్యూటర్ మరీ నెమ్మదిస్తే ఈ మానిటర్ కూడా దానితో సర్దుకోలేదని, అప్పుడు ఆటలో హంగులు తగ్గించుకోవాలని, సెట్టింగుల్లో సింక్ ఆన్ చేసుకోవడం మరిచిపోవద్దని సేల్స్‌మన్ చెప్పాడు. సినిమాలు మాత్రమే చూసేవాళ్ళయితే పెద్దదే తీసుకోమనేవాడినన్నాడు.

"ఇది బొమ్మ కోసం ఆగుతాంది. నేను మర తిప్పినట్టే," అంది అక్క.

"ఏ మర మేడం?"

నేను గొంతు సవరించుకున్నాను.

"వద్దు. మా తమ్ముడు మొదలువెడితే నువ్వు షాపు మూసుకోవాల్నే."

ఆదివారం చర్చి అయ్యాక అక్క ఇంటికి వెళ్ళాను. పందెం మొదలైంది. వైరు చూసే నెపంతో మానిటర్ వెనక్కి పోయాను. అక్కడి నుంచి ఆట కనిపించదు, ఎదుటి గోడకు అద్దమూ లేదు. కనిపించేది అక్క ముఖం ఒక్కటే. చిన్నప్పుడు అన్నేళ్ళు ఆమె మా ముఖాలను చూసింది ఇలా టీవీ వెనక నుంచే. మూల వచ్చినట్టుంది, అక్క కారుతో పాటు తానూ పక్కకు ఒరిగింది. కనుబొమలు ముడిపడలేదు.

"అమ్మమ్మా, మళ్ళ నేనే గెలిచిన," అంది స్పీకర్లో మనవరాలి గొంతు.

"గెలువు బిడ్డా. నాకు రోడ్డు మొత్తం కనవడుతాంది. ఇంకోటి పెట్టు."

తర్వాత నా వైపు తల ఎత్తింది. "ఏం చూస్తానవ్‌రా అక్కడ?"

వైరు చూస్తున్నానన్నాను. నమ్మలేదు.