పొద్దు పొడవక ముందు వేడినీళ్ళు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, డిసెంబరు మొదటివారంలో నన్ను ఏజెన్సీకి వేశారు. హోదా అసిస్టెంట్ ఇంజనీరు, ఎలక్ట్రికల్. జి.మాడుగుల చుట్టుపక్కల ప్రభుత్వ భవనాల్లో వైరింగు, మోటార్లు, గీజర్లు అన్నీ నా పరిధిలోకి వచ్చేవి. ఆ వయసులో ఆడమనిషిని కొండల మీదికి పంపారేమిటని బంధువులు నొచ్చుకున్నారు గాని, నాకు లోపల సంతోషంగానే ఉంది. మైదానంలో వీధిదీపాల ఫిర్యాదులు విని విని విసుగెత్తిపోయి ఉన్నాను.

చేరిన రోజే నా బల్ల మీద ఒక పాత సమస్య సిద్ధంగా ఉంది. కొండమీది ఒక ఊళ్ళో గర్భిణుల కోసం కట్టిన వసతి గృహం ఉంది. రోడ్డు లేని గూడేల నుంచి నెలలు నిండిన ఆడవాళ్ళు ముందుగానే వచ్చి అక్కడ ఉండాలి. పక్కనే ఉన్న చిన్న ఆస్పత్రిలో పురుడు పోసుకుని, కొన్నాళ్ళు నర్సు కళ్ళెదుట ఉండి వెళ్ళాలి. ఏర్పాటు అది. జరుగుతున్నది మాత్రం వేరు. కాన్పయిన మర్నాడే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతున్నారు. వేడినీళ్ళు లేవన్నది వాళ్ళ కారణం. ఉన్న రెండు గీజర్లూ పనిచెయ్యడం లేదన్నది ఫిర్యాదు.

నా పై అధికారి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. డి.ఇ. గారు అనేవాళ్ళం. ఆయన అప్పటికే తీర్పు చెప్పేశారు. ఇంకా పెద్ద గీజరు మూడోది బిగించాలట. నేను వెళ్ళి దానికి గోడ మీద చోటు చూసి రావాలి. అంతవరకే నా పని.

తెల్లవారుజామునే నీళ్ళ గొడవ అంటున్నారు కనుక ముందురోజే వెళ్ళి, అక్కడి నర్సు మేరీ క్వార్టర్సులో ఉన్నాను. మర్నాడు చీకటితోనే గీజర్లు విప్పి చూశాను. రెండూ నిక్షేపంలా ఉన్నాయి. మల్టీమీటరు పెట్టేసరికి అసలు దొంగ దొరికాడు. రెండువందల ముప్పై వోల్టులు రావలసిన చోట నూట అరవై చిల్లర వస్తోంది. ఆ ఊరు కరెంటు లైనుకు చిట్టచివర ఉంది. పైగా మంచు చూడ్డానికి జనం ఎగబడే కాలం. దారిపొడుగునా కొత్తగా వెలిసిన రిసార్టుల్లో దిగినవాళ్ళంతా ఆ వేళకే లేచి ఒక్కసారిగా గీజర్లు వేస్తారు. చివరున్న వాళ్ళకు మిగిలేది ఎంత?

ఇళ్ళల్లో గీజరు వాడేవాళ్ళు కూడా ఇక్కడొక పొరపాటు పడతారు. మామూలు పాతిక లీటర్ల, రెండు కిలోవాట్ల గీజరు, చలికాలపు కొండనీళ్ళను చెయ్యి పెట్టలేనంతగా కాచాలంటే పూర్తి వోల్టేజిలో ముప్పావుగంట పైనే పడుతుంది. వోల్టేజి పావువంతు తగ్గితే ఆలస్యం కూడా ఆ మాత్రమే పెరుగుతుందనుకుంటాం. అలా కాదు. పుట్టే వేడి దాదాపు సగానికి పడిపోతుంది. పట్టే సమయం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఎర్రదీపం మాత్రం దర్జాగా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి మనం బక్కెట్టు పట్టుకుని గీజరును తిట్టుకుంటాం. ఇక ఆ బక్క లైను మీద మూడోదాన్ని కూడా ఎక్కిస్తే మూడూ కలిసి మరింత నీరసిస్తాయి. డి.ఇ. గారి మందు రోగాన్ని పెంచే మందు.

ఇదంతా మేరీకి చెబుతుండగా వార్డులోంచి పెద్దగా మాటలు వినిపించాయి. వెళ్ళి చూస్తే ఒక పెద్దావిడ మూట కట్టేస్తోంది. పేరు చిన్నాలమ్మ. మంచం మీద ఆమె కోడలు కాసులమ్మ, ఒళ్ళో ముందురోజే పుట్టిన ఆడపిల్ల. కాసులమ్మకు తొలి కాన్పు ఇంట్లోనే అయింది. రక్తం ఆగకపోతే డోలీలో మోసుకొచ్చారు. తల్లి బతికింది గాని బిడ్డ దక్కలేదు. ఈసారి కూడా ఒంట్లో రక్తం తక్కువే. వారం రోజులు కదలడానికి వీల్లేదని డాక్టరు గారు గట్టిగా చెప్పి ఉన్నారు.

"ఏటమ్మా ఇది? పచ్చి బాలింతకి ఈ సల్లటి నీళ్ళు పోత్తారా? సెగ నేదు, ఆకు నేదు. మా ఇంటికాడ పొయ్యుంది. నాను తీసికెల్పోతాను" అంది చిన్నాలమ్మ నన్ను చూసి.

వాళ్ళ పద్ధతి ప్రకారం బాలింతకు పొద్దు పొడవక ముందే, వావిలాకు వేసి కాచిన నీళ్ళు, నడుం మీద వేడివేడిగా పొయ్యాలి. ఎండ వచ్చాక పోసిన నీళ్ళు నీళ్ళే కావు. గీజరులో ఆకు వెయ్యలేం. ఆక్సిజన్ సిలిండర్లున్న ఆవరణ కాబట్టి పొయ్యి వెలిగించనివ్వరు. ఆమె కోపంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

మేరీ నన్ను పక్కకు పిలిచింది. "మేడమ్, ఈ అమ్మాయి ఇప్పుడు కొండెక్కిందంటే మళ్ళీ పేనాలతో దిగుద్దని నాకు నమ్మకం నేదు" అంది.

రేపు పొద్దు పొడవక ముందు ఆకునీళ్ళు, మీరడిగినంత వేడిగా ఇస్తే ఉంటారా అని చిన్నాలమ్మను అడిగాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వు కరెంటమ్మవి. బాలింత నీళ్ళ సంగతి నీకేటి తెల్సు? సరే, రేపొక్క పూట సూత్తాను. నేకపోతే మాత్రం నన్నాపకండి."

మధ్యాహ్నం మళ్ళీ మీటరు పెట్టాను. రిసార్టుల వాళ్ళు కొండలు చూడ్డానికి పోయారు, ఊరివాళ్ళు పొలాల్లో ఉన్నారు. వోల్టేజి నిండుగా ఉంది. అప్పుడే కాచి, ఏదైనా డ్రమ్ములో పోసి తెల్లవారేదాకా చల్లారకుండా దాచాలి. నా ఆలోచనంతా అంతే. డి.ఇ. గారికి ఫోన్ చేస్తే, మిమ్మల్ని పంపింది చోటు చూడ్డానికి కదా అన్నారు. చూశానండీ, గీజరుకు కాదు, డ్రమ్ముకు చూశాను అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే లెక్క వేసుకున్నాను.

సామాన్ల గదిలో మూతా కొళాయీ ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము ఒకటి ఖాళీగా ఉంది. పాత చెక్కలతో దాని చుట్టూ పెట్టె కట్టించి, మధ్యలో జానెడు మందాన వరి ఊక కూరించాను. అడుగున, మూత మీద కూడా ఊక బస్తాలే. వేడిని బయటికి పోనివ్వకపోవడంలో ఊక చాలా గట్టిది. వావిలాకు మాత్రం నేను ముట్టుకోలేదు. చిన్నాలమ్మనే అడిగాను. ఆమె సణుక్కుంటూనే వాగు గట్టుకు వెళ్ళి మోపెడు కోసుకొచ్చి, పాత చీర ముక్కలో మూటకట్టి డ్రమ్ములో వేసింది.

"ఉడక్కుండా ఆకు దిగుద్దేటి?" అని మాత్రం అడిగింది.

పొయ్యి మీద బేగి దిగుతుంది, ఇందులో రాత్రంతా నెమ్మదిగా దిగుతుంది అన్నాను. ధైర్యంగానే చెప్పాను గాని, వావిలాకు విషయంలో నా చదువు సున్నా. సాయంత్రం లోపు గీజర్లలో మళ్ళీ మళ్ళీ కాచి, పొగలు కక్కే నీళ్ళతో డ్రమ్ము నింపి మూత బిగించాం.

మర్నాడు ఇంకా మసకచీకటి ఉండగానే వార్డులోని ఆడవాళ్ళంతా డ్రమ్ము చుట్టూ చేరారు. బయట గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. చిన్నాలమ్మ బస్తా తీసి మూత ఎత్తింది. గుప్పున ఆవిరి, దానితోపాటు ఘాటైన ఆకు వాసన. నీళ్ళు చిక్కటి రంగు తిరిగి ఉన్నాయి. ఆమె కాసేపు వాసన చూసి, అనుమానంగా చెయ్యి ముంచి, అంతే వేగంగా వెనక్కి లాక్కుంది.

"అమ్మో! సన్నీళ్ళు తెండర్రా, బేగి!" అని అరిచింది.

చల్లగా ఉన్నాయని మూట కట్టిన మనిషి చన్నీళ్ళు తెమ్మంటోంది! మేరీ నవ్వాపుకోలేక నా భుజం మీద చరిచింది. ఆ క్షణంలో నాకు ప్రమోషన్ ఇచ్చినా అంత ఆనందం కలిగేది కాదు.

కాసులమ్మ వారమంతా ఉంది. రక్తం ఎక్కించారు. రోజూ తెల్లవారకముందే అత్త నీళ్ళు పోసేది. చివరికి డాక్టరు గారు సరేనన్నాకే పిల్లనెత్తుకుని, తన కాళ్ళ మీద నడిచి జీపెక్కింది. చిన్నాలమ్మ ఆ డ్రమ్ము సంగతి సంతలో చెప్పని మనిషి లేదట. ఆ చలికాలంలో కాన్పయిన మర్నాడే వెళ్ళిపోయినవాళ్ళు ఆ తరువాత ఒక్కరూ లేరు. డి.ఇ. గారు వచ్చి, డ్రమ్ము చుట్టూ తిరిగి, మూడో గీజరు ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. మిగతా వసతి గృహాలకు కూడా ఊకపెట్టెలు కట్టమని నాకే పని అప్పగించారు.

గీజరు ఎంతసేపట్లో కాగుతుందో అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. నీళ్ళు ఎవరికి కావాలో, ఏ వేళకు కావాలో, ఆ వేళకు లైనులో ఎంత కరెంటు ఉంటుందో ఆ పెట్టె మీద ఉండదు. అది వెళ్ళి అడిగి తెలుసుకోవడమే ఇంజనీరు ఉద్యోగం.